మా ఊరి గుమ్మానికి ఆధారం చూపాలి

ఇప్పుడు పోట్లాడాలనిపిస్తే ఫోను తీస్తే చాలు, లోకమంతా నడుం బిగించి అందులో సిద్ధంగా ఉంటుంది. ఆ రోజుల్లో ఇంత సుఖం లేదు. పోట్లాటకి ఎదురుగా ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి తీరిక ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా మర్నాడు మళ్ళీ మన మొహం చూసే ఓపిక ఉండాలి. నా విషయంలో ఆ చివరిది ఎవరికీ మిగిలేది కాదు. చిన్నప్పుడు బళ్ళో పక్కన కూర్చున్న అమ్మాయిలు, విశాఖలో ఎమ్మే చదివినప్పుడు హాస్టల్ గదిలో ఉన్న అమ్మాయిలు, పెళ్ళిచూపులకి వచ్చిన ఒకాయన మేనమామ (కళింగ యుద్ధం గురించి ఆయన నాకు నేర్పబోయాడు, తప్పు ఆయనదే), అందరూ ఒక్కొక్కరే మర్యాదగా తప్పుకున్నారు. నేను గెలుస్తూ వచ్చాను. గెలిచిన ప్రతిసారీ నా పక్కన ఒక కుర్చీ ఖాళీ అయ్యేది. ఆ సంగతి మాత్రం చాలా ఆలస్యంగా గమనించాను.

చదువయ్యాక పలాసలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో హిస్టరీ లెక్చరర్‌గా చేరాను. ఆ కాలేజీలో హిస్టరీ అంటే ఎంపీసీ, బైపీసీ వాళ్ళు నిండాక మెట్ల కింద మిగిలిన గది. స్టాఫ్‌రూములో నేను ‘అసలు’ అని నోరు తెరిస్తే చాలు, లెక్కల మేడం సుద్దముక్కలు ఏరుకునేది, ఫిజిక్స్ సారు లేని క్లాసుకి బయల్దేరేవాడు. కాశీబుగ్గలో జీడిపిక్కల గోడౌను మీద ఒక గది అద్దెకి తీసుకున్నాను. కింద బట్టీలో పిక్కలు వేగుతున్నప్పుడు లేచే పొగకి నా చీరలకీ, పుస్తకాలకీ, అన్నానికీ ఒకటే వాసన. ఇంటావిడ నాతో మాట్లాడేది మోటారు గురించే. “మోటారేసినాను, నీలట్టుకో.” కాసేపటికి, “మోటారు కట్టేత్తన్నాను.” ఆదివారాలు ఆ పిలుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. బకెట్లన్నీ నిండి ఉన్నా సరే.

మీ ఊరు వెళ్ళొచ్చు కదా అంటారేమో. మా ఊరు ఎంతో దూరం లేదు, ఉద్దానంలో కవిటి దాటాక సముద్రం వైపు. అక్కడ అన్నయ్య, వదిన, కొబ్బరితోట ఉన్నారు. నాన్న ఉన్నంతకాలం వెళ్ళేదాన్ని. ఆయన నా ప్రతి మాటకీ ఎదురు చెప్పేవాడు, చెప్పి నవ్వేవాడు. కిడ్నీ జబ్బుతో ఆయన పోయాక ఆ ఇంట్లో నాతో వాదించే మనిషి లేకపోయాడు. అన్నయ్య ఏం మాట్లాడినా “నువ్వు సెప్పిందే రైటమ్మా” అనేవాడు. అంతకన్నా ఘోరమైన మాట నన్నెవరూ అనలేదు.

అలాంటి రోజుల్లో బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ ఒకటి తెరిచారు. దాని ఓనరుని ఊరంతా బావ అనేవారు, ఆయనా ఊరంతటినీ బావ అనేవాడు, ఆడవాళ్ళని మాత్రం మేడం అనేవాడు. ప్లైవుడ్ చెక్కలతో గదులు, వాటికి పూల తెరలు. తెరలెందుకని మొదటిరోజే గొడవ పెట్టుకుని నా గదికి తెర పీకించాను. (మర్నాటి నుంచి వచ్చేపోయే వాళ్ళంతా ‘మేస్టరమ్మ ఏటి సూత్తంది’ అని తొంగిచూసేవారు. గెలిచాను కదా, తెర మళ్ళీ వెయ్యమనలేకపోయాను.) ప్రభుత్వ లెక్చరర్ల నోటిఫికేషన్ వచ్చిందేమో చూద్దామని వెళ్ళాను. అది రాలేదు. ఊరికే కూర్చోవడం ఎందుకని మా ఊరి పేరు కొట్టి వెతికితే, తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వం కనిపించింది. అందులో ఎవరైనా రాయొచ్చట, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చట. రాసేవాళ్ళకి జీతం లేదు, పేరు కూడా లేదు. ఈ మాట వినగానే బావ నిజంగా బెంగపడ్డాడు.

“మరెందుకు మేడం రాయడం?”

“ఊళ్ళ పేజీల్లో చరిత్ర ఉండాలి కదా.”

“చరిత్ర ఐపోనాది కదేటి? ఇప్పుడు రాత్తే ఏటౌతాది?”

దీనికి నేను ఇచ్చిన ఉపన్యాసం పూర్తయ్యేసరికి కరెంటు పోయింది. బావ ఆ తర్వాత నన్ను చరిత్ర గురించి ఇంకేమీ అడగలేదు.

ఊళ్ళ పేజీలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. మండలం, పిన్‌కోడు, జనాభా, కింద ‘చరిత్ర’ అనే శీర్షిక, దాని కింద ఖాళీ. మా ఊరి పేజీలో అదనంగా ఒకే ఒక్క వాక్యం ఉంది: ఈ ప్రాంతంలో కిడ్నీ వ్యాధి ఎక్కువ అని. దాని పక్కన చిన్న అంకెలు, ఆ అంకెల కింద పత్రికల పేర్లు, పేజీ నంబర్లు. జబ్బుకి ఆధారాల లోటు లేదు. ఆ తెరలేని గదిలో కూర్చుని, ఈ పేజీలో మా ఊరి గురించి జబ్బు కాని మాట ఒక్కటైనా ఉండి తీరాలి అనుకున్నాను. ఏ మాట రాయాలో వెతుక్కోనక్కర్లేకపోయింది.

మా ఊళ్ళో ఒక వాడుక ఉంది. అమ్మవారి సంబరం నాడు మా రైతుల ఊరూ, ఒడ్డునున్న మత్స్యకారుల పేటా కలిసి సముద్రం పక్కన ఇసుకలో ఒక గుమ్మం నిలబెడతారు. ఉత్త గుమ్మం. గోడలుండవు, కప్పుండదు, తలుపు రెక్కలు కూడా ఉండవు. పాతకాలపు పనస చెక్క, దానికి పసుపూ కుంకుమా, మామిడాకుల తోరణం. అమ్మవారి ఘటాలెత్తుకున్న ఆడవాళ్ళు తలవంచి ఆ గుమ్మంలోంచి సముద్రం వైపు వెళ్ళి, మళ్ళీ అందులోంచే వెనక్కి రావాలి. అటూ ఇటూ ఎంత జాగా ఉన్నా పక్కనుంచి ఒక్కరూ నడవరు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే నాన్న చెప్పాడు: “మన ఊరు పూర్వం ఆడే ఉండీదే. తుఫానుకి ఇసక కప్పీసింది. మనోల్లు గుమ్మాలు పీక్కొని, తలమీదెట్టుకొని ఇటొచ్చీసినారు. అది మర్సిపోకుండా ఏడాదికోపాలి ఆడెడతారు.” నేను వెంటనే “గోడలెందుకు తేలేదు?” అని వాదనకి దిగాను. “మట్టిగోడలు ఎక్కడైనా లేపొచ్చు. గుమ్మం అలాగ కాదు కదే” అన్నాడు. ఆ ఒక్కసారీ నేను నోరు మూసుకున్నాను.

సరే, రాశాను. ‘ఈ గ్రామం పూర్వం సముద్రపు ఒడ్డున ఉండేది. తుఫానుకు ఇసుక మేట వేయగా ప్రజలు తమ ఇళ్ళ గుమ్మాలు మోసుకొని ప్రస్తుత స్థలానికి తరలివచ్చారు.’ ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతిలో ఆ రెండు వాక్యాలకీ సాయంత్రమంతా పట్టింది. బావని పిలిచి చూపించాను. “బాగుంది మేడం” అన్నాడు, చదవకుండా.

మర్నాడు కాలేజీ వదిలాక వెళ్ళి చూస్తే, రెండు వాక్యాల చివరా చదరపు బ్రాకెట్లలో [ఆధారం చూపాలి] అని ఉంది. ఎవరో తగిలించిపోయారు. తగిలించిన వాళ్ళ పేరు తూనికరాయి. (అక్కడ ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకోవచ్చు. నా పేరు ఉప్పుగాలి.) పేజీ వెనకాల చర్చ కోసం ఇంకో పేజీ ఉంటుంది. అందులో ఒక ఉత్తరం: ‘ఉప్పుగాలి గారికి నమస్కారం. ఈ సమాచారానికి అచ్చులో వచ్చిన ఆధారం ఉంటే చేర్చగలరు.’

‘ఆధారం మా నాన్న’ అని రాశాను.

‘మీ నాన్నగారు ప్రచురితమయ్యారా?’

‘అయ్యారు. జబ్బు గురించిన వార్తలో. అంకెగా.’

ఒక రోజు జవాబు లేదు. ఆ మర్నాడు వచ్చింది: ‘క్షమించండి. చాలా బాధగా ఉంది. అయినా ఆధారం కావాలి.’

చూశారా, ఆ ‘అయినా’! నాన్న పోయిన తర్వాత నా కోసం ఎవరూ వాడని మాట అది. కుర్చీ ముందుకి లాక్కున్నాను.

అప్పట్నించి కాలేజీ గంట కొట్టగానే నేను బయటపడే వేగం చూసి స్టాఫ్‌రూములో ఏవేవో అనుకున్నారు. నేను సుద్దపొడి చేతుల్తోనే బావ దగ్గరికి పరిగెత్తేదాన్ని. తూనికరాయి ఎవరో నా మనసులో స్పష్టంగా ఉంది: రిటైరైన మాస్టారు, ముక్కు చివర కళ్ళజోడు, జేబులో ఎర్ర పెన్ను, భార్య కాఫీలో పంచదార ఎక్కువేస్తే ఆధారం అడిగే రకం. నేను ‘చరిత్రంతా అచ్చయినవాళ్ళదేనా? అచ్చుకానివాళ్ళు బతకలేదా?’ అని రాస్తే, ఆ మాస్టారు ‘బతికారు. ఎక్కడ బతికారో పేజీ నంబరు ఇవ్వగలరు’ అనేవారు. నేను పేజీకి పేజీ మండిపడితే, ఆయన నాలుగు మాటల్లో నీళ్ళు చల్లేవారు. ఒకరోజు నేను మరీ హద్దు మీరినట్టున్నాను, ఇలా రాశారు: ‘ఉప్పుగాలి గారూ, మీ వయసులో ఇంత ఆవేశం మంచిది కాదు. బీపీ చూపించుకోండి.’ నాకప్పటికి ముప్పై కూడా నిండలేదు. బావ సెంటర్లో గట్టిగా నవ్వాను. పక్క గదుల్లో తెరలన్నీ ఒక్కసారి కదిలాయి. ఆ సాయంత్రం గదికి వెళ్ళాక కూడా నవ్వొచ్చింది. చెప్పుకోవడానికి ఎవరున్నారు? ఇంటావిడ మోటారెయ్యడానికి వచ్చినప్పుడు “నాకు బీపీ ఉన్నట్టు కనిపిస్తున్నానా?” అని అడిగాను. “ఉప్పు తగ్గించు” అని వెళ్ళిపోయింది.

ఆధారం కోసం వెతకలేదనుకోకండి. టెక్కలి వెళ్ళి లైబ్రరీలో చరిత్ర పుస్తకాలున్నాయా అంటే “గ్రూప్ టూదా, డీఎస్సీదా?” అని అడిగారు. మా ఊరి చరిత్రండీ అంటే ఆయన నన్ను జాలిగా చూసి, ఫ్యాను నా వైపు తిప్పాడు. రాజుల గురించి ఉంది, జమీందార్ల గురించి ఉంది, ఏ దొర ఏ గుర్రం మీద ఎటు వెళ్ళాడో ఉంది. గుమ్మం తలమీద పెట్టుకుని ఇసుకలో నడిచిన మనిషి గురించి ఎక్కడా లేదు. తిరుగు ప్రయాణంలో నౌపడ స్టేషన్‌లో రైలు చాలాసేపు ఆగింది. ఉప్పు మడుల మీద ఎండ కళ్ళల్లో గుచ్చుకుంటోంది. పక్కన కూర్చున్నావిడ ఎక్కడికెళ్ళొస్తున్నావని అడిగితే మొదలుపెట్టాను. ఆవిడ తర్వాతి స్టేషన్‌లో దిగిపోయింది. (పలాసకి టికెట్టు తీసుకున్నానని ఆవిడే అంతకుముందు నాతో చెప్పింది.)

ఇంతలో తూనికరాయి గడువు పెట్టారు. ఆధారం లేని వాక్యాలన్నీ ఏరేస్తున్నారట, నెలాఖరులోగా చూపకపోతే మా ఊరి రెండు వాక్యాలూ తీసెయ్యక తప్పదట. వాక్యాలు పోతే మా ఊరికి మళ్ళీ జబ్బొక్కటే మిగులుతుంది. అంతటితో ఆగలేదు నా ఆలోచన. వాక్యాలు పోతే వాటి మీద వాదనుండదు. వాదన లేకపోతే మాస్టారు నాకు రాయడానికి కారణం ఉండదు. సాయంత్రాలు నేను ఎక్కడికి పరిగెత్తాలి?

సరిగ్గా ఆ నెలాఖర్లోనే సంబరం వచ్చింది. మా చిన్నాన్న ఆ ఏడు కమిటీ ప్రెసిడెంటు. కరపత్రాలు అచ్చేయించడానికి పలాస వచ్చి, టీ తాగుతూ బావతో మాట కలిపాడట. “మీ ఊరి చరిత్ర మేడం కంప్యూటర్లో ఎట్టినారు కదేటి!” అని బావ ఉత్సాహంగా ఆ పేజీని ప్రింటు తీసి చేతిలో పెట్టాడట. చిన్నాన్న అందులో చరిత్ర ముక్కని అలాగే ప్రెస్సులో ఇచ్చాడు. ఆ ప్రెస్సాయన కాగితంలో ఉన్నది ఉన్నట్టు, చుక్క పోకుండా కంపోజు చేసే మనిషి. ఇవేవీ నాకు తెలియవు. నేను చీర మార్చుకుని, వదినకి పలాస జీడిపప్పు పట్టుకుని సంబరానికి వెళ్ళాను.

ఒడ్డున గుమ్మం నిలబెట్టారు. పసుపు ఎండకి మెరుస్తోంది. డప్పులు మోగుతున్నాయి, కొబ్బరిచెట్లకి మైకు గొట్టాలు కట్టారు. ఘటాలెత్తుకున్న ఆడవాళ్ళు వరసకట్టి నిలబడ్డారు. మైకు మావ కరపత్రం చేత పట్టుకున్నాడు. ఆయన మైకు అందుకుంటే కాగితంలో ఉన్నదంతా చదివితే గాని వదలడు, అట్టడుగున ప్రెస్సు పేరు, ఫోను నంబరుతో సహా. దేన్ని చదివినా ఒకటే గొంతు, యుద్ధం ప్రకటిస్తున్నట్టు.

“ఈ గ్రామం! పూర్వం! సముద్రపు ఒడ్డున ఉండేది! ఆధారం చూపాలి!”

డప్పులు కొంచెం తడబడ్డాయి. మైకు మావ గాలి పీల్చుకున్నాడు.

“తుఫానుకు! ఇసుక మేట వేయగా! ప్రజలు! తమ ఇళ్ళ గుమ్మాలు మోసుకొని! ప్రస్తుత స్థలానికి! తరలివచ్చారు! ఆధారం చూపాలి!”

డప్పులు ఆగిపోయాయి. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న పెద్ద తాత, మా ఊళ్ళో అందరికన్నా పెద్దవాడు, కర్ర పట్టుకుని లేచాడు.

“ఎవుడ్రా ఆధారం సూపమన్నోడు?”

“నానేటి సేతును తాతా, కాయితంలో ఉన్నాది” అన్నాడు మావ, మైకులోనే.

“కాయితం ఎవులు రాసినారు?”

చిన్నాన్న వేలు గాల్లోకి లేచి, జనం మీదుగా ప్రయాణం చేసి, నా దగ్గర ఆగింది. “మన గుంటే తాతా. పలాసలో మేస్టరమ్మ.”

ఊరంతా నా వైపు తిరిగింది. “ఏటే, నీ ఊరికి నువ్వే ఆధారం అడుగుతావేటి?” అన్నాడు తాత. నేను నోరున్నదాన్నే కానీ, బ్రాకెట్ల సంగతి అమ్మవారి ముందు ఎలా చెప్పాలో ఏ ఎమ్మేలోనూ నేర్పలేదు.

“నేను కాదు తాతా. కంప్యూటర్లో ఒక మాస్టారు అడిగేరు.”

“ఏ ఊరోడు?”

“తెలీదు.”

“పేరు?”

“తూనికరాయి.”

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పక్కనుంచి వదిన నా మోచెయ్యి పట్టుకుంది. “ఆయనతో రోజూ మాట్టాడతావా?”

“మాట్లాడను వదినా. పోట్లాడతాను.”

“రోజూనా?” వదిన మొహం వెలిగిపోయింది. “మరింకేటి, కుదిరినట్టే! ఆల్లేట్లు, మనోల్లేనా?”

“నీకు దండం పెడతాను వదినా, ఊరుకో.”

ఇంతలో తాత మైకు లాక్కున్నాడు. “ఓ తూనికరాయి బాబూ, ఇనుకో! ఈ గుమ్మం మా తాతది. మా తాత తలమీదెట్టుకొని నడిసొచ్చినాడు. ఇదే ఆధారం!” జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే మత్స్యకారుల పేట పెద్ద ముందుకొచ్చాడు. “తాతా, పెద్దోడివని ఊరుకున్నాం. తలమీద మోసిన గుమ్మాలు మీవి. ఇది మాది. మావోల్లు దోనిలో ఏసుకొని తెచ్చినారు.” “దోనిలోనా? తుఫానులో దోనేటి తేలతాదిరా?” “తుఫాను తగ్గినాక తెచ్చినారు. మీకులాగ కంగారు పడిపోనేదు!” ఇటువాళ్ళు అరిచారు, అటువాళ్ళు అరిచారు. అప్పుడు వెనకనుంచి అప్పమ్మ వచ్చింది, మా వీధి చివరింటి ముసలమ్మ. మైకు ఆవిడకి అవసరం లేదు. “ఒరే, నోర్ముయ్యండర్రా! ఆ గుమ్మం మా అత్తోరిది. సంబరానికి ఓపాలి ఇయ్యండని అట్టుకెల్లినారు. మల్లీ తెచ్చి ఇచ్చినారేటి? కొత్త గుమ్మం సరిపడక మా తలుపు ఇప్పటికీ ఏలాడతన్నాది! ఆధారం కావాలంటే నా తలుపు సూసుకోమను ఆ రాయిగాన్ని!”

ఇక ఊరుకుందా జనం? పొడుగుని బట్టి మాదని ఒకరు, చెక్కని బట్టి మాదని ఇంకొకరు, పాత ఊళ్ళో మీ ఇల్లెక్కడుంది, మా ఇంటికి ఏ పక్కన అని మరొకరు. ఇసుకలో కర్రలతో గీతలు గీసి, ఎప్పుడో పూడిపోయిన వీధుల్లో సరిహద్దు తగాదాలకి దిగారు. చివరికి ఘటాలెత్తుకున్న ఆడవాళ్ళలోంచి ఒకావిడ గొంతు చించుకుంది: “మీ ఆధారాలు మండిపోనూ, ఈడ మా మెడలిరిగిపోతన్నాయి!” అందరూ నాలుక్కరుచుకుని దారిచ్చారు. డప్పులు మళ్ళీ అందుకున్నాయి. ఘటాల వెనక నేనూ తలవంచి ఆ గుమ్మం దాటాను. అటువైపు ఊరు లేదు, వీధి లేదు, నురగ తప్ప ఏమీ లేదు. వెనక్కి తిరిగితే గుమ్మం చట్రంలో ఊరు ఊరంతా అప్పుడే మళ్ళీ నా మీద చేతులు తిప్పుతూ అరుస్తోంది. నాన్న పోయాక అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

పలాస వచ్చిన వెంటనే బావ దగ్గర కూర్చుని జరిగిందంతా చర్చ పేజీలోకెక్కించాను. తాత మాట, దోని మాట, అప్పమ్మ తలుపు, అన్నీ. చివర్న లాయరులాగ ముగించాను: ‘లేని ఇంటి గుమ్మం కోసం మనుషులు ఇంతలా కొట్టుకోరు. ఇక మీరడిగిన అచ్చు ఆధారం: సంబరం కరపత్రం.’

తూనికరాయి జవాబు: ‘కరపత్రంలో నేను తగిలించిన బ్రాకెట్లు కూడా అచ్చయ్యాయని మీరే రాశారు. అంటే అది మీ పేజీ నుంచే వచ్చింది. నా ప్రశ్నని అచ్చేసి నాకే జవాబుగా ఇస్తున్నారా? చెల్లదు. నోటిమాటలూ చెల్లవు.’ కింద కొంచెం ఖాళీ వదిలి ఇంకో ముక్క: ‘అప్పమ్మ గారికి గుమ్మం తిరిగి ఇచ్చారా?’

‘నోటిమాట చెల్లనప్పుడు అప్పమ్మతో మీకేం పని మాస్టారూ?’ అని కసిరాను.

చాలా రోజులు జవాబు రాలేదు. గడువు దాటిపోయింది. రోజూ వెళ్ళి చూసేదాన్ని, వాక్యాలు ఉన్నాయి, బ్రాకెట్లు ఉన్నాయి, మనిషి లేదు. బావ కూడా కనిపెట్టాడు. “మీ పోట్లాటాయన రానేదా మేడం?” అని ఒకసారి అడిగి, నా మొహం చూసి టీ తెప్పించాడు. తర్వాత ఒక సాయంత్రం ఆ ఉత్తరం వచ్చింది.

‘నేను మాస్టారిని కాను. మావారికి ఇక్కడ ఉత్తరాదిలో బొగ్గుగనుల దగ్గర ఉద్యోగం. కాలనీలో తెలుగు వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఊఁ అంటారు, అది ఏ భాషో చెప్పలేను. నాతో నిండుగా తెలుగు మాట్లాడేది మీరొక్కరే, అదీ తిట్లు. అప్పమ్మ గారి మాటలు పైకి చదువుకున్నాను, మా వంటింట్లో, గట్టిగా. మీరు పెద్దవారు, ఏమీ అనుకోకండి.’

నేను ఏదో అనుకోవడానికి కాసేపు పట్టింది. కళ్ళజోడు, ఎర్ర పెన్ను, కాఫీ అన్నీ సర్దుకుని వెళ్ళిపోయాయి. చివరికి రాశాను: ‘నేను పెద్దదాన్ని కాను. నాకు బీపీ లేదు. గుమ్మం తిరిగివ్వలేదు. వాక్యాలు ఎప్పుడు తీసేస్తున్నారు?’

‘తీయను. చర్చ నడుస్తున్నంతకాలం తీయకూడదని నియమం ఉంది. బ్రాకెట్లు కూడా తీయను. ఆధారం లేదు కదా!’

అంతే. మేమిద్దరం ఆ చర్చని ముగియనివ్వలేదు. చెక్క పనసదా, మద్దిదా అని కొన్నాళ్ళు. తడిసిన గుమ్మం ఒక మనిషి మొయ్యగలడా అని కొన్నాళ్ళు. ప్రతి సంబరం తర్వాత నేను కొత్త సాక్ష్యాలు మోసుకెళ్ళేదాన్ని, ఆవిడ ఒక్కోదాన్నీ తూచి, చెల్లదని, ‘తర్వాత ఏమైంది?’ అని అడిగేది. వేరే ఊళ్ళ పేజీలు కూడా పంచుకున్నాం. సోంపేట వైపువి నేను రాస్తే ఆవిడ తప్పులు పట్టేది. అసలు పేర్లు అడగలేదు, ఫోను నంబర్లు అడగలేదు. అడిగితే పోట్లాట తగ్గిపోతుందని నాకు భయం. ఆవిడకీ అదేనేమో. ఒక వేసవిలో ఆవిడ ‘ఇంతకీ ఆ గుమ్మం ఎవరిదంటారు?’ అని అడిగింది. నేను చాలా పెద్ద జవాబు రాశాను. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత ఎక్కడా తూనికరాయి సంతకం కనబడలేదు. బదిలీ అయ్యారో, పిల్లలు పుట్టారో, పక్కింట్లోకి తెలుగువాళ్ళు దిగారో. చివరిదే అయ్యుండాలని కోరుకున్నాను. (నిజం చెప్పాలంటే, ఆ పక్కింటివాళ్ళు ఆవిడ చెప్పిన ప్రతిదానికీ తలూపే రకం అయ్యుండాలని కూడా కోరుకున్నాను.)

బావ సెంటరు ఇప్పుడు ఫోను కవర్ల దుకాణం. నాకు కళ్ళజోడొచ్చింది, జేబులో కాకపోయినా బ్యాగులో ఎర్ర పెన్నుంది, బీపీ కూడా వచ్చింది. మాత్ర వేసుకున్నప్పుడల్లా ఒక మనిషికి చెప్పాలనిపిస్తుంది. నేను ఊహించిన మాస్టారిగా, ఆవిడ ఊహించిన పెద్దమనిషిగా నేను మెల్లమెల్లగా తయారవుతున్నాను. ఈ మధ్య మా ఊరి పేజీ తెరిస్తే, కొత్తగా చేరిన స్వచ్ఛంద సేవకులెవరో, మంచి ఉత్సాహవంతులు, చర్చ పేజీలో నోటీసు పెట్టారు: ‘ఇవి చాలా పాత వాక్యాలు. ఆధారం లేదు. చర్చ ఎప్పుడో ముగిసింది కాబట్టి తొలగిస్తున్నాను.’

పాత కోపం ఎక్కడుందో గాని, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. వేళ్ళు వాటంతటవే కదిలాయి. ‘చర్చ ముగియలేదు. అవతలివారు జవాబివ్వడంలో కొంచెం ఆలస్యమైంది, అంతే. వాక్యాలూ, బ్రాకెట్లూ రెండూ ఉండాలి’ అని రాసి, ఉప్పుగాలి అని సంతకం పెట్టాను. పెట్టాక ఫోను పక్కన పడెయ్యకుండా కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను, ఆ కొత్త మనిషి ‘అయినా’ అంటారేమోనని.